కారు ఇక్కడిదే, మరి సెల్ ఎవరిది?

కొత్త ఎలక్ట్రిక్ కారు ఏది వచ్చినా యూట్యూబ్ రివ్యూలన్నీ స్క్రీన్ ఎంత పెద్దది, సన్‌రూఫ్ ఉందా, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు పడుతుంది అన్న దగ్గరే తిరుగుతుంటాయి. నాకు మాత్రం ముందు తెలుసుకోవాలనిపించేది ఒకటే. లోపల బ్యాటరీలో ఉన్న సెల్ ఎవరు చేశారు, ఎక్కడ చేశారు? బ్యాటరీ ప్యాక్ ఇక్కడే బిగిస్తున్నామని కంపెనీలు చెప్తాయి, ఆ మాట నిజమే, కానీ ప్యాక్ బిగించడం వేరు, సెల్ చేయడం వేరు. కరెంటుని దాచుకునే చిన్న బ్యాటరీ ముక్క సెల్, అలాంటివి చాలా కలిపి బిగిస్తే ప్యాక్. కారు తయారీ ఖర్చులో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బ్యాటరీకి పోతుంది, అందులో పెద్ద వాటా సెల్‌దే. మన కంపెనీలు పెట్రోలు నుంచి కరెంటుకి మారుతున్నాయని ఎంత చెప్పుకున్నా, ఈ సంగతి దగ్గరికి రాకుండా మాట్లాడితే సగం కథే చెప్పినట్టు.

నిన్నమొన్నటిదాకా కార్ల కంపెనీ అంటే ఇంజిన్ కంపెనీ. మిగతావన్నీ, టైర్లు, సీట్లు, అద్దాలు, లైట్లు, బయటివాళ్ళ దగ్గర కొనుక్కునేవారు, ఇంజిన్ని మాత్రం చేతులు దాటనిచ్చేవారు కాదు. అది కూడా మొదట్నుంచీ మన సొంతం అనుకోనక్కర్లేదు. ఒకప్పుడు మన రోడ్ల మీద స్విఫ్ట్ డీజిల్, ఇండికా విస్టా, ఫియట్ పుంటో పక్కపక్కనే పోతుండేవి, మూడింట్లోనూ కొట్టుకునే గుండె ఒకటే, ఫియట్ వాళ్ళ 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజిన్. మారుతి దాన్ని డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. టెక్నాలజీ ఇటలీది, తయారీ మాత్రం మానేసర్‌లో, పుణె దగ్గర రంజన్‌గావ్‌లో. ఇక్కడ చేశారు కాబట్టే దాని విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలు పుట్టాయి, రిపేర్ చేసేవాళ్ళు తయారయ్యారు, ఊరూరా దాన్ని విప్పి బిగించగలిగే చెయ్యి ఒకటి ఉండేది. 2020 ఏప్రిల్లో బీఎస్-6 పొగ నిబంధనలతో దాని కథ ముగిసింది గానీ, పరాయి టెక్నాలజీని తెచ్చుకుని ఇక్కడ తయారుచేస్తే చుట్టూ ఎంత పని పుడుతుందో ఆ ఇంజిన్ చూపించింది.

ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ పోతుంది, దాంతో పాటు క్లచ్, గేర్‌బాక్స్, ఇంజెక్టర్లు, టైమింగ్ చైన్, సైలెన్సర్ అన్నీ పోతాయి. మోటార్, దానికి కరెంటు అందించే ఇన్వర్టర్, బ్యాటరీ, వీటిని నడిపే సాఫ్ట్‌వేర్ వస్తాయి. నలభై ఏళ్ళు కష్టపడి నేర్చుకున్న విద్యకి గిరాకీ తగ్గిపోయి, తెలియని విద్య బయట కొనుక్కోవాల్సిన పరిస్థితి. ఏ కంపెనీ అయినా అందుకే వెనకాముందూ ఆడుతుంది. పైకి చార్జింగ్ స్టేషన్లు లేవంటారు, జనం రెడీగా లేరంటారు, రేటు గిట్టుబాటు కాదంటారు, అన్నిట్లోనూ కొంత నిజం ఉంది, కానీ లోపల అసలు భయం ఇదేనని నా అభిప్రాయం.

మారుతినే తీసుకోండి. 2018లో వ్యాగన్ఆర్ ఎలక్ట్రిక్ బళ్ళు ఓ యాభై చేసి రోడ్ల మీద పరీక్షకి దింపింది, 2020కల్లా అమ్ముతామంది, తర్వాత పక్కన పెట్టేసింది. చిన్న కారులో అంత ఖరీదైన బ్యాటరీ పెడితే మామూలు మనిషి కొనలేడని చెప్పింది. ఆ రోజు లెక్క ప్రకారం అది తప్పేం కాదు. నా కోపం ఎక్కడంటే, దేశంలో అందరికంటే ఎక్కువ కార్లు అమ్మే కంపెనీ ఆ ఐదారేళ్ళూ సీఎన్‌జీ మీద, పెట్రోలు, కరెంటు రెండూ వాడే హైబ్రిడ్ మీద పెట్టినంత మనసు ఈ సెల్ మీద పెట్టలేదు. మారుతి పెద్ద ఆర్డర్ పెడితే కదలని సప్లయర్ ఈ దేశంలో లేడు. చివరికి 2025 ఆగస్టు 26న గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో తన ఎలక్ట్రిక్ కారు ఈ-విటారాకి ప్రధాని జెండా ఊపారు, వందకి పైగా దేశాలకి ఎగుమతి చేస్తామన్నారు, పేపర్లన్నీ అదే ఫొటో వేశాయి. అందులోని సెల్స్ చైనా కంపెనీ బీవైడీవి. అదే రోజు అక్కడే ఇంకో పని మొదలైంది. తోషిబా, డెన్సో, సుజుకి కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో హైబ్రిడ్ కార్ల చిన్న బ్యాటరీలకి కావాల్సిన ఎలక్ట్రోడ్లు, అంటే సెల్ లోపలి అసలు పొరలు, ఇక్కడే చేయడం. నాకైతే ఆ రెండో వార్తే పెద్దది. దాన్ని లోపలి పేజీల్లో కూడా సరిగ్గా రాయలేదు.

టాటాకి మాత్రం నేను మనస్ఫూర్తిగా మార్కులు వేస్తాను. 2017లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ పది వేల ఎలక్ట్రిక్ కార్లకి టెండరు పిలిస్తే ముందుకొచ్చి టిగోర్ ఇచ్చారు. ఆ బండి గొప్పది కాదు, కానీ ఆ పనిలో నేర్చుకున్నది 2020 జనవరిలో నెక్సాన్ ఈవీగా బయటికొచ్చింది. 30 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ, ఒక్క చార్జికి కాగితం మీద 312 కిలోమీటర్లు, మామూలు వాడకంలో 200 చుట్టూ, ధర 13.99 లక్షల నుంచి. పెట్రోలు బండి కిందే బ్యాటరీ సర్దేశారని అప్పట్లో చాలామంది తీసిపారేశారు. సర్దారు, అందులో దాపరికం లేదు. కానీ ఆ ఒక్క కారు లేకపోతే మధ్యతరగతి ఇంట్లో ఎలక్ట్రిక్ కారు అన్న మాటే వచ్చేది కాదు, మిగతా కంపెనీలు ఇంకో ఐదేళ్ళు నిద్రపోయేవి. అయితే ఆ ప్యాకులు బిగించింది టాటా గ్రూపు కంపెనీయే అయినా సెల్స్ చైనాలోని గోషన్ దగ్గర్నుంచి వచ్చినవే. 2023లో సానంద్‌లో ఏటా 20 గిగావాట్ అవర్ల (ఒక్కోటి పది లక్షల యూనిట్లు) సెల్స్ చేసే ఫ్యాక్టరీకి గుజరాత్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు, 13 వేల కోట్ల పెట్టుబడి అన్నారు. ఏ కొత్త మోడల్ కంటే ఎక్కువగా నేను కనిపెట్టుకుని చూస్తున్నది ఆ ఫ్యాక్టరీనే.

మహీంద్రా కథ వేరే. నిజానికి అందరికంటే ముందు మొదలైంది వీళ్ళ చేతికొచ్చిన బండే. బెంగళూరులో చేతన్ మైని 2001లోనే రేవా అనే చిన్న ఎలక్ట్రిక్ కారు తెచ్చారు, మామూలు లెడ్ బ్యాటరీలతో, లండన్‌లో జీ-విజ్ పేరుతో తిరిగింది కూడా. 2010లో మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది, 2013లో ఈ2ఓ వచ్చింది, ఆ తర్వాత చాలాకాలం చల్లబడిపోయింది. చేతిలో అంత అనుభవం పెట్టుకుని పదేళ్ళు పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 2024 నవంబరులో చెన్నైలో చూపించిన బీఈ 6, ఎక్స్ఈవీ 9ఈ మాత్రం మొదట్నుంచీ బ్యాటరీ చుట్టూ కట్టిన కార్లు, 59, 79 యూనిట్లవి, చదునైన ఫ్లోర్, ఇంజిన్ కోసం వదిలిన ఖాళీలేం లేవు. అందులోనూ సెల్స్ బీవైడీవే.

ఇప్పుడు ఆ బీవైడీ సంగతి చెప్పాలి. 1995లో షెన్‌జెన్‌లో బ్యాటరీల కంపెనీగా పుట్టింది, సెల్‌ఫోన్ల బ్యాటరీలు చేసింది, 2003లో ఒక చిన్న కార్ల కంపెనీని కొనుక్కుని కార్లలోకి దిగింది, 2022 మార్చిలో కేవలం పెట్రోలుతో నడిచే కార్లు చేయడం ఆపేసింది. 2024లో పూర్తి ఎలక్ట్రిక్ కార్లే 17.6 లక్షలు అమ్మి టెస్లాకి ఊపిరాడనివ్వలేదు. వీళ్ళకి పోగొట్టుకోవడానికి ఇంజిన్ విద్య అంటూ పెద్దగా ఏమీ లేదు, చేతిలో ఉన్నదే బ్యాటరీ. ఈ కంపెనీ మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి వంద కోట్ల డాలర్లతో ఇక్కడ కార్లు, బ్యాటరీలు చేస్తామని ప్రతిపాదన పెడితే, భద్రతా కారణాలతో 2023 జులైలో కేంద్రం కాదన్నదని వార్తలొచ్చాయి. సరిహద్దులో పరిస్థితి తెలిసినవాళ్ళెవరూ ఆ జాగ్రత్తని తప్పుపట్టలేరు. కానీ ఆ తర్వాత ఏమైంది? ఫ్యాక్టరీ రాలేదు, సెల్స్ మాత్రం ఓడల్లో వస్తూనే ఉన్నాయి, మన పెద్ద కంపెనీల కార్లలోకే. మేఘా గ్రూపుకే చెందిన ఒలెక్ట్రా చేసిన ఎలక్ట్రిక్ బస్సులు తిరుమల ఘాట్ ఎక్కి దిగుతున్నాయి, ఆ బస్సుల టెక్నాలజీ కూడా బీవైడీదే. మనం వద్దన్నవాళ్ళ దగ్గరే కొనుక్కుంటూ, నేర్చుకునే అవకాశం మాత్రం పోగొట్టుకున్నాం. కాదనడం సరే, కాదన్న రోజే మరి మనం ఎప్పటికి చేసుకుంటాం అన్న గడువు కూడా పెట్టుకోవాల్సింది.

సెల్ చేయడం అంత తేలికా అంటే కాదు, అదే చాలామందికి అర్థం కావట్లేదు. పల్చటి రాగి రేకు మీద గ్రాఫైట్ ముద్ద, అల్యూమినియం రేకు మీద లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ముద్ద పూస్తారు, ఆ పూత మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉంటుంది, చివరి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. ఎండబెట్టాలి, రోలర్ల కింద నొక్కాలి, కోయాలి, మధ్యలో రెండూ తగలకుండా సెపరేటర్ అనే పల్చటి పొర పెట్టి పేర్చాలో చుట్టాలో చేయాలి. ఈ పని జరిగే గదిలో గాలిలో తేమ దాదాపు ఉండకూడదు, మన వానాకాలంలో అలాంటి గది నడపడానికే బోలెడు కరెంటు ఖర్చు. లోపల ఎలక్ట్రోలైట్ ద్రవం పోశాక వెంటనే అమ్మేయడానికి లేదు, మెల్లగా చార్జ్ చేసి, దించి, రోజుల తరబడి పక్కన పెట్టి, వోల్టేజి పడిపోతున్నవాటిని ఏరేయాలి. కొత్త ఫ్యాక్టరీలో మొదట్లో తయారైన దాంట్లో చాలా భాగం చెత్తలోకే పోతుంది. స్వీడన్‌లో నార్త్‌వోల్ట్ అని టెస్లాలో పనిచేసి వచ్చినవాళ్ళు పెట్టిన కంపెనీ, ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ లాంటివాళ్ళ డబ్బు, ఆర్డర్లు అన్నీ ఉన్నాయి, అయినా సరైన సంఖ్యలో మంచి సెల్స్ తీయలేక 2024లో బీఎండబ్ల్యూ ఆర్డర్ పోగొట్టుకుంది, 2025 మార్చిలో స్వీడన్‌లో దివాలా తీసింది. మన దగ్గరా 2021లో సెల్స్ కోసం కేంద్రం 18,100 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించింది, అనుకున్న వేగంతో మాత్రం నడవలేదు. డబ్బు పెడితే వచ్చే విద్య కాదిది, చేస్తూ చేస్తూ పాడుచేసుకుంటూ రావాలి, ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంత ఆలస్యం.

అందుకే మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లి నాకు ముఖ్యం. తిరుపతి దగ్గర కరకంబాడి నుంచి ఎదిగిన అమరరాజా, అమరాన్ బ్యాటరీలు చేసేవాళ్ళు, అక్కడ పదేళ్ళలో 9,500 కోట్లతో లిథియం సెల్స్, ప్యాకులు చేయడానికి 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు, 2023 మేలో శంకుస్థాపన అయింది. 2024లో గోషన్ గ్రూపు నుంచే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ టెక్నాలజీ లైసెన్సు తెచ్చుకున్నారు. ఇది చూసి ఇదీ చైనాదేగా అని పెదవి విరిచేవాళ్ళున్నారు. మల్టీజెట్ ఇటలీది కాదా? లైసెన్సు తెచ్చుకోవడంలో నామోషీ ఏం లేదు, తెచ్చుకుని ఇక్కడ మన కుర్రాళ్ళ చేత చేయించడంలోనే ఉంది అంతా. లెడ్ బ్యాటరీలు చేసే కంపెనీకి ఈ మార్పు కార్ల కంపెనీల కంటే పెద్ద గండం, పెట్రోలు కార్లు తగ్గేకొద్దీ దాని వ్యాపారమే తగ్గుతుంది, అయినా ముందే దిగింది. (ఎలక్ట్రిక్ కార్లలో కూడా లైట్లకి, లాక్‌లకి 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, అది పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి కదలదు, కొనేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.) ఇంకో బ్యాటరీల కంపెనీ ఎక్సైడ్ కూడా బెంగళూరులో ఇదే పనిలో ఉంది, వాళ్ళ సెల్స్ వాడటానికి 2024 ఏప్రిల్లో హ్యుందాయ్, కియా ఒప్పందం చేసుకున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు చేస్తున్న కియా 2025 జులైలో క్యారెన్స్ క్లావిస్ ఈవీ తెచ్చింది. ఎర్రమంచిలో కారు, దివిటిపల్లిలో సెల్, మధ్యలో మూడొందల పైచిలుకు కిలోమీటర్లు, ఒకే హైవే. ఒక కొరియా కంపెనీ, ఒక తిరుపతి కంపెనీ కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని, అవుతుందనే నా ఆశ.

కొంతమంది రేర్ ఎర్త్ మాగ్నెట్ల, అంటే అరుదైన ఖనిజాలతో చేసే అయస్కాంతాల, గొడవ మర్చిపోయారు. 2025 ఏప్రిల్లో చైనా వాటి ఎగుమతికి అనుమతులు బిగించగానే మన కంపెనీలన్నీ టెన్షన్ పడ్డాయి, మోటార్లో వేలెడంత ముక్కలు అందక లైన్లు ఆగుతాయేమోనని. ముక్కకే అంత గోలైతే బ్యాటరీకి అలాంటిది వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చార్జింగ్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది డబ్బు పెడితే తీరే సమస్య. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట చుట్టుపక్కల ఇప్పుడు చార్జర్లకి కొదవ లేదు. యాప్‌లో పచ్చగా చూపించిన మెషీన్ దగ్గరికి వెళ్తే స్క్రీన్ ఆరిపోయి ఉండటం, కస్టమర్ కేర్ వాడు రీస్టార్ట్ చేశా చూడండి సార్ అనడం, పిల్లలు ఎండలో నిలబడటం, నాకు జరిగింది, మీకూ జరిగే ఉంటుంది. టెస్లా 2012 నుంచే తన కార్లతో పాటు తన చార్జర్లు తానే పెట్టుకుంటూ వచ్చింది. కారు అమ్మినవాడు చార్జర్ నాది కాదంటే కుదరదు.

ఇంక నాకు మనసులో బాగా మెదులుతున్న సంగతి. మాది విజయవాడ, చిన్నప్పట్నుంచీ ఆటోనగర్ చూస్తూ పెరిగాను. బోరింగ్ చేసేవాళ్ళు, క్రాంక్ గ్రైండింగ్ చేసేవాళ్ళు, నాజిల్స్ క్యాలిబ్రేషన్ చేసేవాళ్ళు, లేత్ మీద ఏ ముక్క అయినా తీసిచ్చేవాళ్ళు, కంపెనీలు వదిలేసిన బళ్ళని ఇరవై ఏళ్ళు నడిపించింది వాళ్ళ చేతులే. ఈ మధ్య మాకు తెలిసిన మెకానిక్ బాబాయ్ దగ్గర కూర్చుంటే, ఎలక్ట్రిక్ బండి ఒకటి షెడ్డు ముందు ఆగింది, సస్పెన్షన్ శబ్దం అని. అది చూసి పంపించాక అన్నాడు, "కింద పని నేను చేస్తాను బాబూ, పైన ఆ ఆరెంజి వైర్లున్నాయే, వాటి జోలికి వెళ్ళను. మాకెవరూ నేర్పలేదు, కంపెనీవాళ్ళని అడిగితే మీకెందుకంటున్నారు." ఆయన భయం న్యాయమైనదే, అందులో మూడొందల వోల్టుల పైన డీసీ కరెంటు, తెలియకుండా చెయ్యి పెడితే ప్రాణం పోతుంది.

కానీ నేర్పకపోవడం వల్ల ఏమవుతుందో మా ఫ్రెండ్ ఒకతని కారు దగ్గర చూశాను. హైదరాబాద్‌లో క్యాబ్ తిప్పేవాడు, కిలోమీటర్లు ఎక్కువ తిరిగి బ్యాటరీ వారంటీ దాటిపోయింది, రేంజ్, అంటే ఒక్క చార్జికి వెళ్ళే దూరం, ఒక్కసారిగా పడిపోయింది. సర్వీస్ సెంటర్లో ప్యాక్ మొత్తం మార్చాలన్నారు, చెప్పిన రేటుకి సెకండ్ హ్యాండ్ కారే వస్తుంది. వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని చివరికి బయట ఒక చిన్న షాపులో విప్పిస్తే, ఒక్క మాడ్యూల్‌లో (ప్యాక్ లోపల కొన్ని సెల్స్ కలిపిన గుంపు అది) కొన్ని సెల్స్ పోయాయంతే. ఆ షాపతను ల్యాప్‌టాప్ పెట్టి ఒక్కో సెల్ వోల్టేజి చూపించాడు, అన్నీ 3.2, 3.3 మధ్య ఉంటే ఆ వరసలో రెండు మాత్రం 2.6 దగ్గర కొట్టుకుంటున్నాయి. మాడ్యూల్ మార్చి, మిగతావాటితో సమానం చేసి ఇచ్చాడు. బండి ఇప్పటికీ తిరుగుతోంది. ఆ మాడ్యూల్ కంపెనీ అమ్మదు, ఎక్కడో గుద్దేసిన బండిలోంచి తెచ్చాడు.

ఇది నాకు అస్సలు మింగుడుపడటం లేదు. ఇంజిన్ పాడైతే రింగులు మార్చుకునే హక్కు మనకుంది, రెండు సెల్స్ పోతే మొత్తం బ్యాటరీ కొనాల్సిందేనా? యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ప్రతి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి ఒక డిజిటల్ పాస్‌పోర్ట్ ఉండాలని చట్టం చేశారు, అందులో ఏముంది, ఎక్కడిది అన్నీ తెలుస్తాయి. మన దగ్గర 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీ వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారు మీద పెట్టాయి, మంచిదే, కానీ రిపేర్ గురించి గట్టిగా అడిగేవాళ్ళు లేరు. ఎలక్ట్రిక్ కార్లకి జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఇదంతా మన డబ్బు. ఇంత రాయితీ తీసుకుంటున్న కంపెనీని మాడ్యూల్ విడిగా అమ్ము, సెల్ వోల్టేజీలు చదివే వీలు బయటివాళ్ళకీ ఇవ్వు, ఏటా ఇంతమంది మెకానిక్‌లకి హై వోల్టేజ్ ట్రైనింగ్ ఇవ్వు అని ప్రభుత్వం ఎందుకు అడగకూడదు? ఆటోనగర్ పక్కనే ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఆరు నెలల కోర్సు పెడితే బాబాయ్ కొడుకు రేపే చేరతాడు.

ధరలు మాత్రం మనవైపే ఉన్నాయి. బ్లూమ్‌బెర్గ్ఎన్ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ లెక్కలో 2010లో బ్యాటరీ యూనిట్‌కి వెయ్యి డాలర్ల పైనే, 2024లో సగటున 115 డాలర్లు. అంటే 30 యూనిట్ల బ్యాటరీ ముప్పై వేల డాలర్ల నుంచి మూడున్నర వేలకి దిగింది. ఎంజీ కంపెనీ ఎలక్ట్రిక్ కారు విండ్సర్‌కి 2024 సెప్టెంబరులో కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకి మూడున్నర రూపాయల అద్దె అని విడగొట్టి అమ్మితే జనం ఎగబడ్డారు. 2024-25లో దేశంలో అమ్ముడైన కార్లలో ఎలక్ట్రిక్‌వి లక్ష దాటాయి, వందకి రెండున్నర చొప్పున.

కాబట్టి కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇది. ఇంట్లోనో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో మీ మీటర్‌కి కలిపిన ప్లగ్ ఉండి, రోజూ యాభై అరవై కిలోమీటర్లు తిరిగేవాళ్ళయితే నిక్షేపంగా తీసుకోండి. ప్లగ్ లేకపోతే ముందు అసోసియేషన్‌తో ఆ సంగతి తేల్చుకోండి. షోరూమ్‌లో సన్‌రూఫ్ చూపిస్తుంటే చూడండి, చూశాక సెల్ ఏ కంపెనీది అని అడగండి, ఒక్క మాడ్యూల్ పోతే అదొక్కటే మారుస్తారా అని అడగండి, వారంటీలో బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడితే మారుస్తారో కాగితం మీద చూపించమనండి. సేల్స్ కుర్రాడికి తెలియకపోతే మేనేజర్ని పిలిపించండి, ఆయనకీ తెలియకపోతే కంపెనీకి మెయిల్ పెట్టించి జవాబు వచ్చాకే అడ్వాన్స్ కట్టండి.